పూనా చుట్టాలు

పోస్టుమాన్ సైకిలు బెల్లు రెండుసార్లు మోగితే ఉత్తరం. ఆపకుండా మోగుతూనే ఉంటే నాన్నకి పార్సిలు. "మాస్టారూ, పూనా నించి మీ చుట్టాలొచ్చారండీ!" అని వీధి మలుపు నుంచే కేకేసేవాడాయన. మాది నిడదవోలు, నేను చెబుతున్నది ఎనభైల నాటి సంగతి. పక్కింటి పిన్నిగారు మాకు నిజంగానే పూనాలో బంధువులున్నారని చాలాకాలం నమ్మింది. "ఏటా మర్చిపోకుండా పంపిస్తారు, ఎంత మంచివాళ్ళో" అందట ఒకసారి. "పంపడం పంపుతారండీ, డబ్బులు మాత్రం మా దగ్గరే వసూలు చేస్తారు" అంది అమ్మ.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంటి వెనక మూడు సెంట్ల పెరడు ఉండేది. బావి దగ్గర అరటి చెట్లు, బచ్చలి పందిరి, తోటకూర మడి, కరివేపాకు చెట్టు అమ్మ వాటా. మిగిలింది నాన్నది. ఆ 'మిగిలింది' ఎంతన్న దాని మీద ప్రతి ఏడూ ఓ చిన్న సరిహద్దు తగాదా నడిచేది.

ఈ వ్యవహారమంతా జూలైలో ఓ పదిహేను పైసల కార్డుతో మొదలయ్యేది. 'కైండ్లీ సెండ్ యువర్ లేటెస్ట్ కేటలాగ్' అని నాన్న గుండ్రటి అక్షరాలతో రాసి, నా చేతికిచ్చి డబ్బాలో వెయ్యమనేవారు. పూనాలో విత్తనాలమ్మే పోచా వాళ్ళకొకటి, కలకత్తాలో సట్టన్స్ వాళ్ళకొకటి. పోచా కంపెనీ 1884 నాటిది. సట్టన్స్ వాళ్ళు అసలు ఇంగ్లండు వాళ్ళు, 1912లో కలకత్తాలో కొట్టు తెరిచారు. ఈ తారీఖులు నాన్న మాకు మా తాతముత్తాతల వివరాలకన్నా శ్రద్ధగా చెప్పేవారు.

కేటలాగు వచ్చాక రాత్రి భోజనాలయ్యాక మంచం మీద కూర్చుని ఎర్ర పెన్సిలుతో చదువుకునేవారు. రంగు బొమ్మలు ఏ నాలుగైదు పేజీల్లోనో, మిగతాదంతా చీమల్లాంటి అక్షరాలే. 'ఫ్రాగ్రంట్' అన్న మాట, 'డ్వార్ఫ్' అన్న మాట నాకు స్కూల్లో కన్నా ముందు అందులోనే తగిలాయి. మొదటి రోజు టిక్కులన్నీ కూడితే నూట నలభై రూపాయలయ్యేది. రెండో రోజుకి తొంభై. మూడో రోజు అమ్మ దగ్గరికి వెళ్ళేసరికి అరవై.

"ఇందులో తినేవి ఎన్ని?" అనేది అమ్మ.

ఆ ఒక్క ప్రశ్నకి భయపడే నాన్న పూల మధ్యన బీట్‌రూటు, నూల్‌కోల్, కాలీఫ్లవరు దూర్చేవారు. చివరికి నలభై ఏడు రూపాయల చిల్లరకి ఆర్డరు వెళ్ళేది, వీపీపీలో పంపమని. ఇప్పటి పిల్లలకి ఈ మూడక్షరాలు చెప్పాలి. సరుకు ముందు పోస్టులో వచ్చేది. డబ్బు పోస్టుమాన్ చేతిలో పెడితేనే పార్సిలు మన చేతికిచ్చేవాడు. ఆ డబ్బుని పోస్టాఫీసు వాళ్ళు మనియార్డరుగా కంపెనీకి పంపేవారు. మన దేశంలో 1877 నుంచీ ఉన్న పద్ధతి. మా అబ్బాయి ఈమధ్య క్యాష్ ఆన్ డెలివరీ గురించి, అదేదో వాళ్ళ తరమే కనిపెట్టినట్టు నాకు వివరించబోతే నవ్వొచ్చింది.

చిక్కల్లా తారీఖులతోనే. నాన్న జీతం ఒకటిన. పార్సిలు మాత్రం ఏ ఇరవై ఆరునో, ఇరవై ఏడునో దిగేది. పోస్టాఫీసులో ఏడు రోజులు ఉంచేవారు, ఆ తర్వాత వెనక్కి పంపేసేవారు. ఆ ఏడు రోజులూ ఇంట్లో ఒకటే టెన్షన్. స్కూలు నుంచి వస్తూ పోస్టాఫీసు కిటికీలోంచి తొంగిచూసి, మా పార్సిలు బీరువా పక్కన ఉందో లేదో చూసి రావడం నా డ్యూటీ. ఓసారి నెలాఖరున అమ్మ పోపుల డబ్బాలోంచి, జీలకర్ర వాసనొచ్చే రెండు ఇరవై రూపాయల నోట్లు తీసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఏమీ అనలేదు. ఆ తర్వాత నెల రోజులు అంది.

పార్సిలు వచ్చాక నాన్న చేసే మొదటి పని చొక్కా తొడుక్కోవడం. బనీనుతో ఉండి సంతకం పెట్టేవారు కాదు. ఆ మీదట వసారాలో చాప వేసి, మధ్యలో పార్సిలు పెట్టి, చుట్టూ మేము. తెల్లటి గుడ్డలో కుట్టి, కుట్లమీద లక్క ముద్రలు వేసి ఉండేది. అడ్రసు ఊదారంగు కాపీయింగ్ పెన్సిలుతో రాసేవారు. దారిలో ఎక్కడైనా చెమ్మ తగిలితే అక్షరాలు చామంతి రేకుల్లా విచ్చుకునేవి. నాన్న సగం బ్లేడు మొనతో కుట్టు తర్వాత కుట్టు విప్పేవారు. గుడ్డ చిరగకూడదు, అది వంటింట్లో మసిగుడ్డ. దారం తెగకూడదు, అది ఉండ చుట్టాలి. స్టాంపులు నావి, చెంబునీళ్ళలో నానేయడానికి. లక్క ముక్కలు చెల్లెలివి. అన్ని వాటాలూ తేలాక గానీ లోపల ఏముందో చూసేవాళ్ళం కాదు.

లోపల అరచేయంత కాగితం పొట్లాలు, మీద పువ్వు బొమ్మ. కదిపితే బీట్‌రూటు గింజలు గలగలమనేవి. పిటూనియా పొట్లం అసలు చప్పుడే చేసేది కాదు. తెరిస్తే లోపల నున్నటి కాగితంలో ఇంకో బుల్లి పొట్లం, దాని మడతలో చిటికెడు నల్లటి ధూళి. "ఇదేనా? దీనికి నాలుగు రూపాయలా?" అంది అమ్మ. నాన్నకి నిజంగానే ఓ క్షణం అనుమానం వచ్చి పొట్లాన్ని వెలుతురులోకి తిప్పి చూశారు. ఒక్క గ్రాములో వేల గింజలుంటాయి వాటిలో. గట్టిగా మాట్లాడితే ఎగిరిపోతాయి. ఆ పూట మమ్మల్ని తుమ్మనివ్వలేదు.

దాన్ని ఎలా చల్లేవారో చెప్పాలి, ఎందుకంటే ఆ పని చేస్తున్నప్పటి నాన్నని ఇంకెక్కడా చూడలేదు నేను. క్లాసులో సుద్దముక్కలు విసిరే మనిషి, ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. గోదావరి ఇసకని టీ వడకట్టుతో జల్లించి (ఆ వడకట్టు మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు అమ్మ, కొత్తది కొనాల్సి వచ్చింది), ఆ మెత్తటి ఇసకలో గింజల ధూళి కలిపి, ముగ్గు వేసినట్టు రెండు వేళ్ళ మధ్యనుంచి వదిలేవారు. వెడల్పాటి మట్టి మూకుడులో, అడుగున చిల్లులు పెట్టి, మాగిన పేడ ఎరువూ ఎర్రమట్టీ కలిపి నింపి ఉంచేవారు. పైన మట్టి కప్పరు. నీళ్ళు పైనుంచి పొయ్యరు, పోస్తే కొట్టుకుపోతాయి. మూకుడునే నీళ్ళ పళ్ళెంలో కూర్చోబెడితే చెమ్మ కిందనుంచి పైకి పాకి, మట్టి రంగు అంచులనుంచి నడిమికి ముదురుతూ వచ్చేది. అది చూస్తూ కూర్చునేవాళ్ళం, సినిమా చూసినట్టు.

తెల్లారేసరికి చీమలు. వరసగా గింజలు మోసుకుపోతుంటే నాన్న లేచి పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు దొంగలనుకున్నారు. ఆ రోజుల్లో చీమలకి మందంటే గమాక్సిన్. లక్ష్మణరేఖ గీసినట్టు మూకుడు చుట్టూ ఆ పొడి చల్లి, అదే చేత్తో వేపపుల్ల నమిలేవారు. ఆ పొడిలో ఉండే బీహెచ్‌సీ అనే విషాన్ని 1997లో దేశంలోనే నిషేధించారని తర్వాత చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది.

బతికినవి బతికాయి. అక్టోబరులో చల్లినవి సంక్రాంతికి పూశాయి. ఆ ఏడు మా గొబ్బెమ్మల మీద గుమ్మడిపూల పక్కన పిటూనియాలు పెట్టింది అమ్మ. ఊదారంగు, గులాబీరంగు గొట్టాల్లాంటి పూలు ఆవుపేడ ముద్ద మీద ఎంత బాగున్నాయో! వీధిలో పిల్లలందరూ వచ్చి చూసిపోయారు. నాన్న వీధి అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు గానీ ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

తినేవాటి సంగతి వేరు. లెట్యూస్ గింజలు రెండుసార్లు మొలవలేదు. వేడి ఎక్కువైతే ఆ గింజ నిద్రపోతుందట, లేవదు. మూడోసారి నాన్న గింజల్ని తడిగుడ్డలో చుట్టి మంచినీళ్ళ కుండ అడుగున ఇసకలో పెట్టారు. నాలుగో రోజుకి తెల్లటి మొలకలు. సరే, ఆకులు వచ్చాయి. పచ్చిగా తినాలని నాన్న. పచ్చాకు తినడానికి మనమేమైనా మేకలమా అని అమ్మ. పప్పులో వేసింది. అది కరిగి, నీళ్ళొదిలి, ఓ మాదిరి చేదుతో, పప్పు కూడా పాడయింది. నాన్న ఒక్కరే మారు వడ్డించుకున్నారు. "బానే ఉందే" అన్నారు. ఎవరం నమ్మలేదు.

పాన్సీ అయితే మా ఇంట్లో ఒక్కసారీ పుయ్యలేదు. కేటలాగులో రంగు బొమ్మ ఉండేది దానికి. పసుపు, ఊదా రేకుల మధ్య నల్లటి మచ్చ, అచ్చం మీసాలున్న మొహంలా. నాన్న దానికోసం పడని పాటు లేదు. పొట్లం మీద 'మైదానాల్లో అక్టోబరు, కొండల మీద మార్చి' అని ఇంగ్లీషులో రాసుండేది. "మనది మైదానమే కదా" అనేవారు. వాళ్ళ లెక్కలో మైదానమంటే చలికాలంలో రగ్గు కప్పుకునే ఢిల్లీ, లక్నో. జనవరిలో కూడా మధ్యాహ్నం విసనకర్ర వెతుక్కునే మా గోదావరి గట్టు కాదు. మొక్కలు వచ్చేవి, నాలుగు వేళ్ళ ఎత్తు ఎదిగేవి, శివరాత్రికి వాడి పడిపోయేవి. ఒకే ఒక్కసారి ఓ మొగ్గ కనపడింది. దాన్ని కోడి పొడుచుకుపోయింది. పక్కింటివాళ్ళ కోడి.

ఇక గులాబీ కథ. విత్తనాలతో ఆగితే ఏ గొడవా లేకపోను. ఓ ఏడు జనవరిలో నాన్న ధైర్యం చేసి మొక్కలకే ఆర్డరు పెట్టారు. మట్టి లేకుండా, వేళ్ళకి తడి నాచు చుట్టి, దాని మీద గడ్డి, గోనెపట్టా కట్టి, సన్నటి మూటలాగా వచ్చాయి మూడు అంట్లు. విప్పగానే వసారా అంతా నూతిగట్టు వాసన. ఆకు లేదు, చిగురు లేదు, జానెడేసి ముళ్ళ పుల్లలు. ఒక్కోదానికీ సన్నని రేకు బిళ్ళ మీద పేరు. ఒకటి 'క్వీన్ ఎలిజబెత్', ఒకటి 'సూపర్ స్టార్', మూడోది నాన్న అసలు కోరుకున్నది, 'పీస్'.

దాని గురించి నాన్న ఎన్నిసార్లు చెప్పారో! యుద్ధం ముంచుకొస్తోందని తెలిసి, ఫ్రాన్సులో దాన్ని పుట్టించిన మెయాన్ కుటుంబం వాళ్ళు కొమ్మలు పార్సిలు కట్టి ముందే వేరే దేశాలకి పంపేశారట. అమెరికాకి చేరిన ఆ పుల్లల్లోంచి పెంచిన మొక్కకి 1945లో, యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, శాంతి అని పేరు పెట్టారు. "అదీ మనలాగే పార్సిల్లో వెళ్ళిందన్నమాట" అనేవారు నాన్న, వీపీపీ సంతకం పెట్టినంత దర్జాగా. పసుపుపచ్చ రేకులు, అంచులకి పూసీ పుయ్యని గులాబీ రంగు, అరచెయ్యంత పువ్వు.

అది మా ఇంట్లో రెండు పూలు పూసింది. మొదటిదాన్ని కొయ్యనివ్వలేదు, చెట్టు మీదే రాలింది. రెండోది మా హెడ్మాస్టరు గారి టేబులు మీదకి వెళ్ళింది. ఆ ఎండాకాలం పైనుంచి ఎండుతూ వచ్చి నల్లబడిపోయింది. నాన్న దాన్ని పీకలేదు. తొలకరి పడ్డాక మొదట్లోంచి పిడికెడు చిగుళ్ళు వచ్చాయి. మా ఆనందానికి హద్దు లేదు. నాన్న కళ్ళజోడు సరిచేసుకుని వంగి చూసి, ఆ చిగుళ్ళు అంటు ముడి పైనుంచి కాదు, కింద నుంచి వచ్చాయన్నారు. అంటే 'పీస్' పోయింది, దాన్ని మోసిన కింది మొక్క లేచింది. అది మామూలు నాటు గులాబీ. గుత్తులుగా, ముద్దగా, కెంపు కలిసిన గులాబీ రంగులో, వీధి చివరిదాకా వాసన.

నాన్న మొహం చూడలేకపోయాం. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకెళ్ళి కోసుకొచ్చేది. దేవుడికి కొన్ని, మా జడల్లోకి కొన్ని. "మీ పూనావాళ్ళు ఇన్నాళ్ళకి పనికొచ్చేది పంపారు" అంది. అది పూనా నుంచి రాలేదు, వేరే చోటు నుంచి వచ్చింది. కానీ మా ఇంట్లో పార్సిలు ఎక్కడినుంచి వచ్చినా పూనాయే.

అమ్మకి మొదటినుంచీ ఒకటే వాదన. గోదావరి దాటితే కడియం. దేశమంతా అక్కడినుంచి మొక్కలు పట్టుకెళ్తుంటే, మనకి ఈ పోస్టు ఖర్చులేంటి? చివరికి ఓ ఆదివారం అందరం ప్యాసింజరెక్కాం. బ్రిడ్జి మీద చెల్లెలూ నేనూ గోదారిలో పది పైసల బిళ్ళలు వేశాం. రాజమండ్రి దాటి కడియం స్టేషనులో దిగి, రిక్షాలో కడియపులంక. రోడ్డుకి రెండువైపులా కంటికి ఆనినంత మేర మొక్కలే. కనకాంబరాలు, క్రోటన్లు, మందారాల్లో మేమెరగని రంగులు. అమ్మ గేదెని బేరమాడినట్టు మొక్కల్ని తిప్పి తిప్పి చూసి, సన్నజాజి, రేక మందారం, రెండు కనకాంబరాలు, ఓ నిమ్మ అంటు, అన్నీ కలిపి పాతిక రూపాయల్లోపు తేల్చింది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు తిరిగారు. ఏదీ కొనలేదు. బయల్దేరేముందు నర్సరీ ఆయన్ని మెల్లగా పక్కకి పిలిచి అడిగారు.

"మీ దగ్గర కేటలాగు ఉంటుందా? రాస్తే పంపుతారా?"

ఆయన కాసేపు నాన్న వంకే చూశాడు. "మొక్కే ఎదురుగా ఉండగా కాయితం ఎందుకండీ బాబూ? ఏం కావాలో సెలవివ్వండి, రిక్షాలో పెట్టిచ్చేత్తాను, ఆయ్."

రైల్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొవ్వూరుదాకా నవ్వుతూనే ఉంది. ఆ మొక్కలన్నీ బతికాయి, ఒక్కటీ చావలేదు. వాటిగురించి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

మోసాలూ జరిగాయి. కంపెనీ పేరెందుకు గానీ, ఒకచోట నుంచి ఆరు డాలియా దుంపలు వస్తే అందులో నాలిగింటికి కన్నే లేదు. కన్ను లేని దుంప పాతితే కుళ్ళిపోవడమే. నాన్న ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం రాశారు, సిద్ధాంతం రుజువు చేసినట్టు అంచెలంచెలుగా. జవాబు రాలేదు. వారపత్రికల్లో 'నీలి గులాబీ, వంద రూపాయలకే' అని ప్రకటనలు వచ్చేవి. వాటి జోలికి మాత్రం పోలేదు. గులాబీలో నీలం రంగు పుట్టదని గట్టిగా చెప్పేవారు. జపాన్‌లో సంటోరీ కంపెనీ వాళ్ళు జన్యువులు మార్చి చేసిన గులాబీ 2009లో అమ్మకానికి వచ్చిందని నేను చూపిస్తే, ఫొటో పరీక్షగా చూసి "ఇది నీలమా? వంకాయ రంగు" అన్నారు. నిజమే, లేత ఊదా అది. ఇప్పుడు ఫోను తెరిస్తే నీలి గులాబీ విత్తనాలు, ఏడు రంగుల గులాబీ విత్తనాలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. పోయినేడు మా మిద్దె మీదకని నేను టమాటా విత్తనాలు తెప్పించుకుంటే, వాటితో ఫ్రీగా అలాంటి పొట్లం ఒకటి వచ్చింది. చల్లాను కూడా, ఎందుకో. గడ్డి మొలిచింది.

మా చెల్లెలు డల్లస్‌లో ఉంటుంది. గోంగూర గింజలు సూట్‌కేసులో వేసుకు రమ్మంటుంది, సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు రానివ్వరని తెలిసి కూడా. మళ్ళీ తనే, అక్కడే పోస్టులో పంపేవాళ్ళు దొరికారని, దోస, బీర, చిక్కుడు తెప్పించుకున్నానని ఫోన్ చేస్తుంది. కవరు ఫొటో కూడా పెడుతుంది. పొట్లం తెరవక ముందు ఒకటి, తెరిచాక ఒకటి.

నాన్నకి ఇప్పుడు ఎనభై నాలుగు. నిడదవోలు ఇల్లు అమ్మేసి వాళ్ళు హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేటప్పుడు అమ్మ ఆ నాటు గులాబీ కొమ్మలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. రెండు అంటుకున్నాయి, బాల్కనీలో ఉన్నాయి. నాన్న తెచ్చుకున్నది ఓ రేకు పెట్టె. మొన్న సంక్రాంతికి సర్దుతుంటే అందులో కేటలాగులు కనపడ్డాయి, ఏడాది వరసన, దారంతో కట్టి. అన్నిట్లోనూ పాన్సీ పేజీకే తెరుచుకుంటున్నాయి. 1984లో ఎర్ర పెన్సిలు టిక్కు. 1985లో 'నవంబరులో చల్లాలి'. 1986లో 'నీడన పెట్టాలి, కోడి!'. 1987లో అడ్డంగా గీత, పక్కన 'వద్దు'. 1988లో మళ్ళీ టిక్కు.

అదే వారం చెల్లెలు వాళ్ళ ఊళ్ళో బ్యాంకు ముందు మడి ఫొటో పంపింది. జనవరి, మడి నిండా పాన్సీలు, పసుపూ ఊదా, వందల మొహాలు. టెక్సాస్‌లో కూడా ఎండలు మన ఎండల్లాగే కాస్తాయి కదా, చలికాలంలో మాత్రం అవే అక్కడ బంతిపూలట. ఫోను నాన్న చేతిలో పెట్టాను. వేలితో పెద్దది చేసి, ఒక్కో పువ్వునీ జరుపుకుంటూ చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు.

"ఏ నెలలో నాటారో కనుక్కోమను."